జహంగీర్ భాయ్ చెప్పిన సాబ్ కథ

మస్కట్ దగ్గరి రుసైల్‌లో మా గోడౌన్‌కి పొద్దున పది గంటలకు టీ వస్తుంది. ఫ్లాస్కు మూత తిప్పగానే పుదీనా వేసిన సులేమానీ వాసన అట్టపెట్టెల మధ్య నుంచి నా దాకా వస్తుంది. మిగతావాళ్ళకు అది టీ వాసన. నాకు మాత్రం జహంగీర్ భాయ్ వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఈ నెలలో ఆ వాసనకు రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. ఎవరో అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను. గోడౌన్‌లో పనిచేసేవాడికి ఆ ఒక్క సుఖం ఉంది, ఎవరైనా నమ్ముతారు.

పన్నెండేళ్ళ కిందట నేనిక్కడికి హెల్పర్‌గా వచ్చాను. అంతకుముందు మస్కట్ సైట్లలో మేస్త్రీని. మా జగిత్యాల వైపు వాళ్ళే ముప్పై మంది నా కింద పనిచేసేవాళ్ళు. కంపెనీ మూతపడింది. దొరికిన పని ఇదొక్కటే, పెట్టెలు మోయడం. నిన్నటిదాకా కేకలు వేసినవాణ్ణి, నలభై మూడేళ్ళవాణ్ణి, నిన్న గాక మొన్న వచ్చిన కుర్రాళ్ళు "ఏయ్, ఇధర్ ఆవో" అని పిలుస్తుంటే ఒళ్ళు మండిపోయేది. మూడో వారంలో ఒక పెట్టెను నేలకేసి కొట్టి, ఇంటికి పోతున్నానని అందరికీ వినపడేలా చెప్పాను. ఇంటి దగ్గర నా ఇద్దరు బిడ్డల చదువు మధ్యలో ఉంది. నేను పోతే అది ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసే అన్నాను, నా కోపం అలాంటిది.

అప్పుడు నా చేతిలో టీ గ్లాసు పెట్టినవాడు జహంగీర్ భాయ్. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆఫీసులో అందరికీ టీలు అందించేవాడు. హైదరాబాదులో ఇంగ్లీషు సినిమాలు ఆడే ఒక పాత థియేటర్లో ఇరవై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపిన హెడ్ ఆపరేటర్. దాన్ని పడగొట్టి షాపులు కట్టాక ఇక్కడికొచ్చి ట్రే పట్టుకున్నాడు. నన్ను ఆగమనలేదు, బుజ్జగించలేదు. "పోదువు గాని. సాబ్ సంగతి ఇని పో," అన్నాడు.

సాబ్ అంటే ఒకనాటి అమెరికా నటుడు. భాయ్ ఆయన్ని పేరుపెట్టి పిలవగా నేను వినలేదు, కాబట్టి నేనూ సాబ్ అనే రాస్తాను. మొదటి సినిమాలో సాబ్ రైల్లో హీరో ఎదురుగా కూర్చున్న ముసలివాడు. టికెట్ చూపించి, వచ్చే స్టేషన్‌లో దిగుతానని ఒక్క మాట అంటాడు, అంతే వేషం. తర్వాత జడ్జి అయ్యాడు, కోర్టులో రెండు సీన్లు. తర్వాత హీరోయిన్ తండ్రి. ఆ పైన గుర్రమెక్కిన పోలీసు అధికారి. అలా ఒక్కో మెట్టూ ఎక్కి, చివరికి కత్తి పట్టిన హీరో అయ్యాడట. భాయ్ రోజుకో సినిమా చెప్పేవాడు, టీకిచ్చే పది నిమిషాల్లోనే. నేను పోవడం రేపటికి వాయిదా పడేది.

అనుమానాలు రాకపోలేదు. ముసలివాడు కుర్రాడెలా అయ్యాడంటే, మేకప్ అన్నాడు. ముందు రంగుల సినిమాలు, ఆఖరికి బ్లాక్ అండ్ వైట్ ఏమిటని నిలదీస్తే, అమెరికాలో బ్లాక్ అండ్ వైట్ పెద్దవాళ్ళకే ఇస్తారు, అది ఇజ్జత్ అన్నాడు. నేను నమ్మాను! నా తెలివి అంతే మరి.

సాబ్ ఆ వయసులో గుర్రమెక్కితే నేను ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కలేనా అనిపించింది. మొదటి పరీక్షలో వెనక్కి తిప్పబోయి డ్రమ్ము పడగొట్టాను, రెండోసారి పాసయ్యాను. నాలుగేళ్ళకు సూపర్‌వైజర్ని చేశారు. పెద్దమ్మాయి నర్సయింది, చిన్నది కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆలోపే భాయ్ హైదరాబాదు వెళ్ళిపోయాడు.

ఈ నెల మొదట్లో మేనేజర్ పిలిచాడు. సలీం అని ఇక్కడి అబ్బాయే ఒకతను, కొత్తగా చదువు ముగించినవాడు, సూపర్‌వైజర్‌గా వస్తున్నాడని, నన్ను మళ్ళీ ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చోమని చెప్పాడు. ఈ దేశపు పిల్లలకు ఈ దేశంలో పని దొరకడం న్యాయమే. న్యాయమని తెలిసినా కడుపు మండింది. ఇక చాలు, సర్దుకుని పోదామనుకున్నాను. ధైర్యం కోసం, భాయ్ చెప్పిన సినిమాల పేర్లిచ్చి, వాటిలో ఏవైనా ఫోన్‌లో వెతికి పంపమని చిన్నమ్మాయికి చెప్పాను. అది సినిమాలతో పాటు ఆయన జీవితం కూడా చదివి వినిపించింది. ఐసు అమ్ముకునేవాడి కొడుకు, నాటకాల కంపెనీలో పెరిగాడు, పాతికేళ్ళకే కత్తి పట్టిన హీరో. తర్వాత గుర్రాలు, తర్వాత తండ్రి వేషాలు, తర్వాత జడ్జి. రైల్లో ముసలివాడు ఆయన ఆఖరి వేషం. అది విడుదలయ్యేసరికే చనిపోయాడట. పన్నెండేళ్ళుగా నేను ఆనుకున్న గోడ కూలినట్టయింది.

వెంటనే భాయ్‌కి ఫోన్ చేశాను. సలాం కూడా చెప్పకుండా, "సాబ్ కథ ఉల్టా చెప్పినవ్ గదా భాయ్," అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇన్నేండ్లకు దొరికిన్నా! ఫిలిం డబ్బాల మీద సినిమా తీసిన సాల్ రాసి ఉంటది గంగారాం, ఆపరేటర్‌కు తెల్వదా?" థియేటర్ దెబ్బతింటున్నకొద్దీ ఓనరు చవగ్గా దొరికే ఇంకా పాత ప్రింట్లు తెచ్చేవాడట, అందుకే ఆ సినిమాలు భాయ్ దగ్గరికి అదే వరసలో వచ్చాయట. "అప్పుడు నువ్వు పైకెంచి కిందికొచ్చినవ్. నీకు దిగే కథ చెప్తే ఉంటుంటివా? అందుకే నాకొచ్చిన వరసల్నే చెప్పిన."

మరి అసలు కథ ఎందుకు దాచావని అడిగాను.

"సీదాది నా కోసం ఉంచుకున్న. హెడ్ ఆపరేటర్ని, ట్రే పట్టిన. రోజూ పొద్దుగాల దాన్నే యాద్ చేసుకుంట ఆఫీసుల అడుగు పెట్టేది." తర్వాత మెల్లగా అన్నాడు, "రైలు సీన్ల సాబ్ టికెట్ ఎట్ల ఇస్తడో ఎరికేనా? మడత ఇప్పి, తొడ మీద పెట్టి, చెయ్యితోని సాపు చేసి ఇస్తడు. ఒక్క మాట వేషం. చెయ్యకున్నా ఎవ్వరు అడుగరు. గది చూసెటందుకు ఆ రీల్ నేను మల్ల మల్ల తిప్పుకున్న."

ఫోన్ పెట్టేశాక పెట్టెల వెనక్కి పోయి ఏడ్చాను. నా బిడ్డల చదువు ఆ మనిషి రోజూ పది నిమిషాల చొప్పున నిలబెట్టిందని నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. తనకు బరువైన కథ తాను మోసుకుంటూ, నాకు తేలికైనది ఇచ్చాడు.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు డ్యూటీకి వెళ్ళాను. ఏ తాళం ఏ గదిదో చీటీలు రాసి, ఒక్కోదానికి దారంతో కట్టి, గుత్తి సలీం చేతికిచ్చాను. అతను తీసుకుని, నాకివన్నీ వస్తాయా అని హిందీలో అడిగాడు. మొహంలో భయం కనిపించింది. టీ వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని, నాకొచ్చిన హిందీ, అరబీ కలిపి, రైల్లో టికెట్ చూపించిన ముసలాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. సీదా కథ ఇప్పుడు నా దగ్గరుంది. సలీంకు మాత్రం రోజుకో సినిమా చెబుతున్నాను, ఇవాళ్టికి జడ్జి దాకా వచ్చాం.