ఫోన్ నంబరు మార్చబోతే

మా సింహాచలం బావ వెబ్‌సైటును చేతులారా తుడిచిపెట్టింది నేనే. ఫోన్ నంబరులో ఒక్క అంకె మార్చమన్నాడు పాపం. ఆ నంబరు తప్ప మిగతాదంతా పోయింది.

బావది ఓడలకు బియ్యం, కోళ్లు, కూరలు అందించే వ్యాపారం. మర్నాడు రేవుకొచ్చే ఓ విదేశీ ఓడ కోసం మల్కాపురంలో నలుగురు పోటీ. "వివరాలకు మా సైటు చూడగలరు" అని బావ కెప్టెనుకు మెయిలు రాసేశాడు. ఆ బేరం కుదిరితే బావకు మొదటి విదేశీ ఆర్డరు.

నేనా, కాలేజీ గడప తొక్కకుండా పుస్తకాలు చూసి కంప్యూటరు నేర్చినవాణ్ణి. గర్వం కొబ్బరిచెట్టంత. సైటు కట్టింది హైదరాబాదు ఆయనెవరో, ఒక కంపెనీ సాఫ్ట్‌వేరుతో. నా దగ్గరున్నది ఇంకో కంపెనీది. రెండూ వెబ్ పేజీలు చేసేవే కదా! నంబరున్న పేజీ ఒక్కటే నా కంప్యూటరులోకి దించి, అంకె మార్చి, సైటుకు పంపే మీట నొక్కాను. "మీ దగ్గర లేని ఫైళ్లు సర్వరులో ఉన్నాయి, తీసెయ్యమంటారా?" అనడిగింది. ఇల్లు ఊడుస్తానంటే వద్దనేవాడెవడండీ? ఊఁ అన్నాను.

పది నిమిషాల్లో బావ ఫోను.

"ఏటి బామ్మర్దీ, మా అరటిగెలల బొమ్మేదీ?"

"వస్తాది, ఆగు."

"సరుకుల లిస్టో?"

"అదీ వస్తాది."

"ఎక్కడొస్తాది? తెల్లకాయితం మీద నా ఫోన్ నంబరొక్కటే గుమ్మడికాయంత కనపడతంది! సైటు సేసినావా, టులెట్ బోర్డు రాసినావా?"

హైదరాబాదుకు ఫోను చేశాను. "వేరే సాఫ్ట్‌వేరుతో ముట్టుకున్నారా? మావి మాదాంతోనే తెరవాలండీ!" అన్నాడాయన. కాపీ ఉందా అంటే, "మీరు తీసేసిందే కాపీ అండీ" అన్నాడు.

అదేం మడి? ఒకరి వంటింట్లోకి ఒకరు అడుగుపెట్టని అత్తగార్లా ఈ కంపెనీలు? ఈ మాట ఇవాళ్టికీ అంటాను.

చేసేది లేక నేనే కెప్టెనుకు రాశాను: "మా సైటుకు ఒంట్లో బాగోలేదు, మన్నించండి." ఇకమీదట కాపీ తీయకుండా ఒకరి ఫైలు తెరిస్తే నా మౌసును మేఘాద్రి గెడ్డలో నిమజ్జనం చేస్తానని అక్కడే ప్రమాణం చేశాను. ఇప్పటికీ తప్పలేదు.

మర్నాడొచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. తలుచుకుంటే గుండెల మీంచి కుంపటి దించినట్టుంటుంది:

"మన్నింపెందుకు? మా ఓడలో నెట్టు చాలా నెమ్మది. మిగతా ముగ్గురి సైట్లలో బొమ్మలు నిన్నటినుంచీ దిగుతూనే ఉన్నాయి. వెంటనే తెరుచుకున్నది మీదొక్కటే. మూడు వందల కిలోల ఉల్లిపాయలు సిద్ధం చేయండి. దయచేసి సైటును మాత్రం బాగుచేయకండి."