అప్పాజీ గారి నాలుగో గది

"పెట్టెలోని మెమరీ కార్డులో నాలుగు పార్టిషన్లండి. నాలుగు గదులనుకోండి. మొదటి గదిలో పెట్టెని నిద్రలేపేవాడుంటాడు. రెండు, మూడు కవలలు. ఒక లినక్స్, అంటే పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్, మంచాన పడితే రెండోది డ్యూటీ ఎక్కుతుంది. నాలుగోది రైతు సొంత గది. ఆయన చెరువు పేరు, ఫోన్ నంబరు అందులో ఉంటాయి. నేను దెబ్బ తిన్నది ఆ నాలుగో గదిలోనేనండి," అన్నాడు జీవరాజు.

అతను నరసాపురంలో చర్చి మైకులు బాగుచేస్తూ, వీడియోలు చూసి లినక్స్ నేర్చుకున్నాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతుకు ఫోన్ కొట్టే పెట్టె తయారుచేస్తాడు. దాని ప్రాణమంతా గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఒక్కసారి ఇమేజ్, అంటే కార్డు మొత్తానికి ఒక అచ్చు, సరిగ్గా కట్టుకుంటే ఎన్ని కార్డుల మీదికైనా దించుకోవచ్చు.

"మరి కట్టుకోలేదా?" అన్నాను.

"అయ్యో, కట్టానండి. నాలుగో గది ఖాళీగా, శుభ్రంగా. ఎవరిక్కావాలి? అప్పాజీ గారికి ఒక్క పంటా పోలేదు, ఆయన హస్తవాసి మంచిది, ఆయన కార్డే కాపీ కొట్టివ్వమన్నారు అందరూ. నాదేం పోయిందని ఉన్నదున్నట్టు దించేశాను."

ఉన్నదున్నట్టు అంటే అప్పాజీ గారి ఫోన్ నంబరుతో సహా. ఇక తెల్లారగట్ల ఎవరి చెరువులో ఆక్సిజన్ పడిపోయినా మోగేది ఆయన ఫోనే. అన్ని పెట్టెలూ 'అప్పాజీ చెరువు' అనే చెబుతాయి. పెద్దాయన లుంగీ ఎగ్గట్టి పరుగున వెళ్ళి చూస్తారు. తన రొయ్యలు హాయిగా ఉంటాయి. అప్పుడు మిగతా రైతులందరికీ ఫోన్లు చేసి లేపుతారు. అలా ఎవరి పంటా పోలేదు. హస్తవాసి మీద నమ్మకం ఇంకాస్త ముదిరింది.

"నంబర్లు మారుస్తానంటే ఒప్పుకోరండి. ఆ రైతుల్లో చిట్టెమ్మ గారైతే, 'ఆ కార్డు మీద చెయ్యేశావంటే నీ మైకులన్నీ కాలవలో పారేస్తానొరేయ్' అన్నారు."

నేను నవ్వాను. జీవరాజు నవ్వలేదు.

"పొద్దున్నుంచీ అప్పాజీ గారి ఫోన్ స్విచాఫండి. విసిగిపోయుంటారు పాపం. చూశారా, మబ్బు పట్టింది, గాలి కదలట్లేదు, ఆక్సిజన్ పడిపోయేది ఇలాంటప్పుడేనండి. ఇప్పుడు ఏ చెరువులో ఆక్సిజన్ పడినా పెట్టె ఆ ఫోన్‌కే కొడుతుంది. రైతులేమో ఆయన చూసుకుంటారులే అని ధీమాగా ఉన్నారు."

బల్ల మీద కొత్త కార్డులున్నాయి. నాలుగో గదిలో ఎవరి నంబరు వాళ్ళకే ఎక్కించాడు. కానీ జీవరాజు తన చేత్తో పెడతానంటే ఒక్కరూ పెట్టెని తెరవనివ్వరు.

"మీకు బండుంది కదా మాస్టారూ. వెళ్ళి ఆయన్ని ఎక్కించుకు రండి. ఆయన చేత్తోనే పెట్టిద్దాం, ఎవరూ నోరెత్తరు. ముందు మాత్రం ఆ ఫోన్ ఆన్ చేయించండి బాబూ."