చుట్టాల్లేని వీధిలో లాడ్జి

ఆ రోజుల్లో తిరుపతిలో ఇల్లుందంటే సత్రం ఉన్నట్టే. కాకపోతే సత్రానికి తలుపులు మూసే వేళంటూ ఒకటి ఉంటుంది, మా ఇంటికి అదీ లేదు. కొండకు పోయే ప్రతి చుట్టమూ మా ఇంట్లోనే దిగాలి. చుట్టం కానివాళ్ళు చుట్టాల పేరు చెప్పుకుని దిగాలి. (మా చిన్నాయన బావమరిది పక్కింటివాళ్ళు ఒకసారి వారం రోజులు ఉండి వెళ్ళారు. ఆ బావమరిదిని మాత్రం మేం అప్పటికింకా చూడనేలేదు.) తెల్లారకముందే బస్సు దిగి తలుపు తట్టేవాళ్ళు, వేణ్ణీళ్ళు పోసుకునేవాళ్ళు, తిని కొండెక్కేవాళ్ళు, గుండ్లతో దిగొచ్చి మళ్ళీ తినేవాళ్ళు. ఆఖర్న మా కొండ లడ్డూ మాకే తుంచి పెట్టి, 'మద్రాసొస్తే మా ఇంటికే రావాల' అని చెప్పి రైలెక్కేవాళ్ళు. వాళ్ళ అసలు పేర్లు నాకిప్పటికీ తెలియవు. మేం పెట్టుకున్న పేర్లే గుర్తు: వేణ్ణీళ్ళ పిన్నమ్మ, ఉప్పు తక్కువ మామ. ఇంతమందికీ రుబ్బింది, వండింది, బావిలో నీళ్ళు చేదింది మా అమ్మ. నేనూ సాయం చేసేదాన్నని ఈ మధ్య అందరికీ చెబుతున్నాను. అమ్మ ఉండుంటే నవ్వేది.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా అమ్మ నడుం పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. మా జిల్లాలో ఒంట్లో ఏది నొచ్చినా ముందు పుత్తూరు పోవాల్సిందే కాబట్టి నాయన పుత్తూరు తీసుకుపోయాడు. అక్కడ ఎముకలకు కట్టు కట్టే ఆయన వీపంతా నొక్కి చూసి, "ఎముక బాగుండాది సామీ. ఇది కట్టుతో పొయ్యేది కాదు, మద్రాసులో పెద్ద డాక్టరుకు సూపీండి" అన్నాడు. మద్రాసంటే రెండు రోజుల పని. ఒకరోజు పరీక్షలు చేస్తారు, మర్నాడు ఫలితం చెబుతారు. నాయన ఏమాత్రం ఆలోచించకుండా వేణ్ణీళ్ళ పిన్నమ్మకు కార్డు రాయబోయాడు. అమ్మ మంచంమీంచే వద్దంది.

"సుట్టాలింటికి వొద్దు. లాడ్జిలో దిగుదాం" అంది.

నాయన చేతిలో కార్డుతోనే లేచి నిలబడ్డాడు. "ఎంత బతుకు బతికి ఇంటెనకాల సచ్చినట్టు, ఇంతమంది మనోళ్ళుండే ఊర్లో లాడ్జిలో దిగేదా! రేపు వాళ్ళకు మొగం ఎట్ట సూపించేదే?"

"మనం పోతే ఆ ఇంట్లో ఆడమనిషి నడుం పోతాది. ఆయమ్మేం పాపం సేసింది?" అంది అమ్మ. గోడవైపు తిరిగి, "నాకు గూడా వొక్కరోజు ఎవురింట్లోనూ కాకుండా పండుకోవాలనుండాది" అంది. అమ్మ తనకోసం ఒకటి కావాలనడం నేను వినడం అదే మొదలు. నాయన కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లాడ్జి వెతికే పెద్దరికం నాకొచ్చింది, కాలేజీలో చదువుతున్నాను కదా. అమ్మ పెట్టిన షరతు ఒకటే: కిటికీలోంచి చూస్తే మనవాళ్ళెవరూ కనబడకూడదు. ఆ లెక్కన మాంబళం వేణ్ణీళ్ళ పిన్నమ్మకు పోయింది, మైలాపూరు ఉప్పు తక్కువ మామకు పోయింది, పెరంబూరులో చిన్నాయన బావమరిదే ఉన్నాడు. మద్రాసంతటి మద్రాసులో అమ్మకు వీలైనవి ఎగ్మూరు స్టేషను చుట్టుపక్కల నాలుగు వీధులు మిగిలాయి. అమ్మను సంచులతో స్టేషను బెంచీమీద కూర్చోబెట్టి నేనూ నాయనా బయల్దేరాం. "మరీ పెద్దదైతే మనల్ని వాళ్ళు సూడరు, మరీ సిన్నదైతే దాన్ని మనం సూళ్ళేం. మజ్జరకంది కావాల" అన్నాడు నాయన. మొదటి లాడ్జిలో నేల అద్దంలా మెరుస్తుంటే నాయన చెప్పులు బయటే విడిచి చేతులు కట్టుకుని లోపలికి నడిచాడు. కౌంటరు దగ్గరాయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నా కాలేజీ చదువు ఆ ప్రశ్న దగ్గరే అయిపోయింది. రెండోదాని వరండాలో లుంగీలవాళ్ళు పేకాడుతుంటే నాయన నన్ను వెనక్కి నెట్టి, దారి తప్పినవాడిలా పైకప్పు చూస్తూ బయటికొచ్చేశాడు.

మూడోదాని ముందు మాత్రం ఆగి తలెత్తి చూశాడు. మేడమీద వరండా పొడుగునా చీరలు ఆరేసి ఉన్నాయి. "సంసారులుండే సోటే పాపా. కింద హోటలు గూడా ఉండాది" అన్నాడు. (ఆ చీరల్లో మా చుట్టాలవేమైనా ఉన్నాయేమోనని నేను ఒక్కొక్కటే చూశాను. లేవు.) గదిలో కొళాయి తిప్పాడు, కిటికీ తీశాడు, పరుపు నొక్కాడు. మా ఇంటికొచ్చేవాళ్ళు రాగానే చేసే పనులన్నీ వరసగా చేసి తృప్తిపడ్డాడు. మేనేజరు ఏ ఊరని అడిగాడు. తిరుపతి అనగానే ఆయన లేచి నిలబడి చేతులు జోడించి, ఎన్నాళ్ళనుంచో కుటుంబంతో కొండకు రావాలని ఉందన్నాడు. నేను నాయన కాలు తొక్కాను కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎప్పుడొచ్చినా మనింట్లోనే దిగాలబ్బా!" అన్నాడు నాయన.

లాడ్జి నడిపేవాణ్ణి తన ఇంట్లో దిగమని పిలిచినవాడు మద్రాసు చరిత్రలో మా నాయన ఒక్కడే అయ్యుంటాడు. స్టేషనుకు తిరిగొస్తూ, "మీయమ్మకు సెప్పబాక" అన్నాడు.

పరీక్షలు చేయించుకుని వచ్చాక అమ్మ ఆ గదిలో మంచం అంచున కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుని, లేచి చీపురుకోసం వెతికింది. దొరక్కపోతే దుప్పటి తీసి మళ్ళీ పరిచింది. నేను బలవంతాన పడుకోబెడితే, ఎవరో తలుపు తడతారన్నట్టు అటే చూస్తూ పడుకుంది. ఎవరూ తట్టలేదు. మర్నాడు డాక్టరు చెప్పిందీ చిన్న మాటే. నరం నలిగింది, బరువులెత్తకూడదు, విశ్రాంతి కావాలన్నాడు. "ఎన్నాళ్ళు సామీ?" అని అడిగాడు నాయన. "ఇక మీదట" అన్నాడు డాక్టరు.

రైలుకు ముందు కింద హోటల్లో కూర్చున్నాం. అంచున కూర్చుంది కాబట్టి సర్వరు ముందు అమ్మనే అడిగాడు, "ఎన్నమ్మా వేణుం?" అని. ఏం కావాలమ్మా అని. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరినడుగుతున్నాడా అని. తననేనని తెలిశాక, "ఏముంటే అది పెట్టప్పా" అంది. ఆయన నవ్వి, ఇడ్లీ, వడ, పొంగలు, పూరీ, నెయ్యి దోశ, రవ్వ దోశ, ఊతప్పం అని రాగం తీసి చదివాడు. అమ్మ చివరిదాకా వింది.

"బాగుండాదే. ఇంకోసారి సెప్పప్పా" అంది.

ఆయన మళ్ళీ చదివాడు. అమ్మ బాగా ఆలోచించి రవ్వ దోశ అంది. నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో అంతమంది తిన్నారు, అమ్మను ఆ మాట అడిగినవాళ్ళు లేరు, మాతో సహా. నాయన తలొంచుకుని గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాడు.

ఆ లాడ్జి మేనేజరు అన్న మాట నిలబెట్టుకుని తల్లితో, పిల్లలతో నిజంగానే వచ్చాడు. అమ్మ ఆయన్ను గుర్తుపట్టి నాయనవైపు ఒక్క చూపు చూసింది. నాయన తువ్వాలు నడుముకు చుట్టుకుని, బావి దగ్గరికి పోయి చేదడం మొదలుపెట్టాడు. ఆ పూట వడ్డన కూడా ఆయనదే. అందరూ తిని కొండకు పోయాక, వంటింట్లో పీటమీద కూర్చున్న అమ్మ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏం కావాలమ్మా?"

అమ్మ తడుముకోకుండా, "ఏముండాయి?" అంది. ఇడ్లీ, వడ, పొంగలు, పూరీ, నెయ్యి దోశ, రవ్వ దోశ, ఊతప్పం అని నాయన రాగం తీసి చదివాడు. వంటింట్లో ఉన్నది అడుగంటిన చారు, ఇంత అన్నం. అమ్మ బాగా ఆలోచించి, "అయితే సారన్నం పట్రా" అంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో రోజూ ఇదే జరిగింది. చుట్టాలు తగ్గలేదు, నాయన రాగం మాత్రం బాగా కుదిరింది.

ఉద్యోగం పేరుతో నేను చాలా ఊళ్ళలో చాలా హోటళ్ళలో దిగాను. ఇప్పటికీ మేడమీద చీరలున్నాయా అని తలెత్తి చూస్తాను. బల్లమీద మెనూ అట్ట ఉంటుంది, అందులో అన్నీ రాసే ఉంటాయి, కళ్ళజోడూ చేతిలోనే ఉంటుంది. అయినా ఏం కావాలని సర్వరు అడిగితే అట్ట పక్కకు తోసి, "ఏముండాయి?" అంటాను. పాపం ముసలమ్మకు చూపానదనుకుని ఆ అబ్బాయిలు ఓపిగ్గా మొదటినుంచి చదువుతారు. మా నాయనంత బాగా ఎవరూ చదవరు.