మదార్ చాచా నవలలో చావులు

మదార్ చాచా నవలలో ఎవరైనా చనిపోతే మాకు మలీద దొరికేది. సూరత్‌లో ఉన్ అనే బస్తీ దగ్గర మా రూముల లైనులో అందరం జగిత్యాల వైపు నుంచి వచ్చి బట్ట నేసే సాంచాలు నడిపేవాళ్లమే. చాచా పనీ సాంచాల మీదే. తీరిక దొరికితే తన ఊరి గురించి, ఆ ఊరి సాయబుల ఇళ్ల గురించి నవల రాసేవాడు. అందులో ఒక మనిషిని చంపాడంటే ఆ సాయంత్రం తలకు రుమాలు కట్టుకుని, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, ఫాతిహా చదివేవాడు. తర్వాత రొట్టె, బెల్లం కలిపి నలిపి లైనంతా పంచేవాడు.

మా బస్తీ మసీదు మౌల్వీ సాబుకు ఇది నచ్చలేదు.

"లేని మనిషికి ఫాతిహా ఏంది మదార్? పుట్టిచ్చేటోడు అల్లా ఒక్కడే."

"నేను పుట్టియ్యలే సాబ్, సంపిన. సంపినోడు దువా జేయొద్దా?"

మౌల్వీ సాబు గుప్పెడు మలీద తీసుకుని వెళ్లిపోయాడు.

నేనైతే పనిగట్టుకుని ఎగదోసేవాడిని. "చాచా, ఆకలైతుంది. నవలల ఎవలనన్న ఏసెయ్."

"ఉండు బద్మాష్. మస్తాన్‌కు జరం మొదలైంది. శుక్రారం దాకా ఆగు."

"అప్పటిదాకనా? పాము కరిపియ్యరాదు?"

చాచా గడ్డం గోక్కుని, మస్తాన్‌ను పాముకు ఇచ్చేశాడు.

రెండు వేల ఇరవైలో కరోనా లాక్‌డౌన్‌కు సాంచాలు ఆగిపోయాయి. నెల పగారు డబ్బు లేదు, ఊరికి రైలు లేదు. మిగిలిన పని ఫోను చూడటం. రోగాన్ని సాయబులే పంచుతున్నారని ఆ ఫోన్లలో వచ్చింది. ఎదురు రూము సోమలింగం అందరికంటే ముందు నమ్మాడు. "ఇగ చాచా చేతిది ఎవలు ముట్టొద్దు," అని తలుపు తలుపునా చెప్పాడు. చిన్నప్పుడు మొహర్రం పీరీల కాడ మలీద కోసం పక్క పిల్లల్ని తోసేసేవాణ్ణని మాకు గొప్పగా చెప్పింది కూడా ఈ సోమలింగమే.

ఆ వారమే నవలలో ముసలి నానీమా పోయింది. తాంబాలం నిండా మలీద లైను చివరిదాకా వెళ్లి, నిండుగానే తిరిగొచ్చింది. నేనొక్కణ్ణే తిన్నాను. చాచా ముఖం చూసి మొత్తం తిన్నాను. కడుపు పట్టుకుని పడుకుంటే, అది కూడా కరోనానే అన్నాడు సోమలింగం.

నవలలో తర్వాతి చావు లింగాగౌడ్‌ది. తాటిచెట్టు మీంచి పడ్డాడు. చాచా తను దాచుకున్న బియ్యం, పప్పు మోసుకెళ్లి మెస్సు నడిపే గంగవ్వ ముందు పెట్టాడు.

"హిందువు సచ్చిండు బేటీ. దినాలు నువ్వే జేయాలె."

గంగవ్వ వండింది. లైనంతా తిన్నది. సోమలింగం మారు పెట్టించుకుని, "గౌడు మంచోడు," అన్నాడు. ఆ తర్వాత పటేల్ పోయాడు. రాజేశం మాస్టరు పోయాడు. వెనకాలే ఆయన పెళ్లాం పోయింది.

"మీవోళ్లు ఒక్కలు సస్తలేరేంది చాచా?" అన్నాను.

"మావోళ్లు సస్తే ఎవడు తింటడు బేటా? బతకనీ."

 

ఈ సంగతి సోమలింగం కూడా పట్టేశాడు. ఒక మధ్యాహ్నం లైను మధ్యలో నిలబడి, "సూసిండ్రా? పుస్తకంల గూడ మనోళ్లనే సంపుతున్నడు. వాళ్లోళ్లు ఒక్కడన్న సస్తున్నడా?" అని అందరికీ వినిపించేలా అన్నాడు.

చాచా తన గుమ్మంలో నిలబడి అరచేతులు చూసుకున్నాడు. గంగవ్వ గంటెతో బయటికి వచ్చింది.

"ఏమయ్యా సోమలింగం, ఇన్నొద్దులు ఎవల బియ్యం తిన్నవు?"

"గౌడు దినాలయి."

"గౌడు యాడున్నడు? అవి చాచా రూములయి. సాయబు పేరు మీద పెడితే నువ్వు తినవని గౌడును సంపిండు. ముందుగాల గూడ అంతే. పగారుకు ముందు వారంలనే ఎందుకు సచ్చేటోళ్లు వాళ్లంత? మీ డబ్బాలు ఖాళీ అయ్యేది అప్పుడే గద."

నేను ఎగదోస్తేనే చచ్చాడనుకున్న మస్తాన్ కూడా పగారు ముందు వారంలోనే పోయాడని నాకప్పుడు తట్టింది.   సోమలింగం లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. తిన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు తలుపులేసుకున్నారు.

మర్నాడు సాయంత్రం చాచా గుమ్మం ముందు సోమలింగం నిలబడి ఉన్నాడు, మాస్కు కళ్లదాకా లాక్కుని.

"ఇయ్యాల ఎవలు సచ్చిండ్రు చాచా?"

"ఎవలు సావలే. పుస్తకంల ఇయ్యాల మా రజియా నిఖా. నేనే వండిన."

సోమలింగం గిన్నె వైపు చూశాడు. తిరిగి లైను వైపు చూశాడు. మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"పిల్లగాడు ఏం జేస్తడు?"

"సాంచాల మీద పని."

"సాంచాలు బందున్నయి గద. గసుంటోనికి పిల్లనెట్ల ఇచ్చినవ్?" అంటూ కూర్చుని, ప్లేటు ముందుకు జరిపాడు.