రెబ్కా పగటి నిద్ర

నర్సాపురం వైపు మనుషులకు గాలి చుట్టంలాంటిది. సాయంత్రం సముద్రం మీంచి వస్తుందని తలుపులు బార్లా తీసి పెడతారు. ఢిల్లీ వాళ్ళు మే నెల వడగాలికి 'లూ' అని పేరు పెట్టి కిటికీలు బిగించుకుంటారు. గాలిచేత పిండి విసిరించుకున్న దేశాలూ ఉన్నాయి, నిజమే. కానీ ఆ మరలు ఊరి చివర తిరిగేవి, పడకగది నెత్తిన కాదు.

ఢిల్లీ పక్క గుర్గావ్‌లో నర్సాపురం రెబ్కా ఉండే అపార్ట్‌మెంట్ల సొసైటీ కమిటీ 2007లో ఆ ముచ్చటా తీర్చింది. మెట్ల దీపాలకూ నీళ్ళ మోటారుకూ పనికొస్తుందని డాబా మీద స్తంభం పాతి, మూడు రెక్కల గాలిమర బిగించింది. కరెంటు కోతలతో విసిగిన జనం చప్పట్లు కొట్టారు. రెబ్కా కూడా కొట్టింది. ఆమె ఇల్లు సరిగ్గా దాని కిందే, నాలుగో అంతస్తులో.

రెబ్కా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. పన్నెండేళ్ళుగా లోకం లేచే వేళకు పడుకుంటోంది. ఇప్పుడు కళ్ళు మూస్తే చాలు, స్లాబులోంచి గోడల్లోకి, గోడల్లోంచి మంచం కోళ్ళలోకి ఒక గుర్రు దిగుతోంది. చెవుల్లో దూది పెట్టుకున్నా పళ్ళకు తెలుస్తోంది. మూడో వారంలో ఆరో బెడ్ ఇంజెక్షన్ తీసుకెళ్ళి తొమ్మిదో బెడ్ ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, నాకిందాకే పొడిచావు కదా," అన్నాడాయన.

ఆయన మెలకువగా ఉండబట్టి సరిపోయింది. పొద్దున్నే రెబ్కా సొసైటీ సెక్రటరీ సేఠీ దగ్గరికెళ్ళింది. ఆయన చాయ్ ఇచ్చి ఓపిగ్గా విన్నాడు.

"ఠీక్ హై దీదీ, రాసివ్వండి. మీటింగులో పెడతాను. కానీ చప్పుళ్ళ సంగతి మొదలైతే అందరివీ వస్తాయి. ఆదివారం మీ ఇంట్లో భజన గురించి కింది ఇంటి మిశ్రాజీ మూడుసార్లు ఫిర్యాదు రాసిచ్చాడు. దేవుడి పేరే కదా, ఊరుకో భయ్యా అని నేనే సర్దాను."

రెబ్కా చాయ్ సగంలో వదిలి లేచింది. నర్సులు, ల్యాబ్ వాళ్ళు, కంటోన్మెంటు నుంచి రెండు కుటుంబాలు కలిపి నలభైమంది తెలుగువాళ్ళు వారానికొకసారి ప్రార్థనకు చేరి గొంతెత్తి పాడుకునేది ఆమె హాల్లోనే. అంతకుముందు ఆ పాటల చప్పుడుకే మూడిళ్ళలోంచి వాళ్ళను పొమ్మన్నారు.

"నీ నిద్ర కోసం అందర్నీ రోడ్డున పడేద్దామా?" అన్నాడు భర్త బాబురావు.

"నా నిద్ర కోసం కాదండీ. తొమ్మిదో బెడ్ కోసం."

"పోనీ ఇల్లు మారదాం."

"నలభైమందిని పాడుకోనిచ్చే ఇల్లు చూపించండి, రేపే మారదాం."

ఆదివారం ప్రార్థనలో ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకునే వేళ ఒకరు వీసా అన్నారు, ఒకరు కొడుకు పరీక్షలన్నారు. రెబ్కా లేచి, "నిద్ర పట్టడం లేదు," అని మాత్రం అని కూర్చుంది. ఎందుకో చెబితే వాళ్ళే మొహమాటపడి రావడం మానేస్తారు.

"ఏం బెంగ పెట్టుకున్నావే పిల్లా!" అని రిటైర్డ్ హెడ్ నర్సు మాణిక్యాంబ ఆంటీ ఆమె తల మీద చెయ్యేసింది. నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి. డోలక్, చప్పట్లు, ఏడుపులు. ఆ హోరులో స్లాబు గుర్రు వినిపించలేదు. రెబ్కా కూర్చున్నచోటే గోడకు వాలి నిద్రపోయింది.

లేచేసరికి అందరి కళ్ళూ చెమర్చి ఉన్నాయి.

"చూశావా, ప్రభువు ఎంత తొందరగా విన్నాడో! ఇది ఇంతటితో ఆపకూడదు. బుధవారాలు కూడా ఆడవాళ్ళం వస్తాం, పొద్దున పదింటికి. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా?" అంది మాణిక్యాంబ ఆంటీ.

రెబ్కా బాబురావు వైపు చూసింది. ఆయన పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నాడు.

"ఉంటానండీ ఆంటీ," అంది.