ఏడో నంబరు ఎలుక పథ్యం

మా పరిశోధనశాలలో ఎలుకల గదిని ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్న మనిషిని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఎలుకలకు పేర్లు పెట్టకూడదన్నది అక్కడి నియమం. ఆయన పెట్టలేదు కూడా. "ఏమే ఏడో నంబరూ, నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు, అంతే.

నా పని ప్రయోగం ముగిశాక చంపిన ఎలుకల కొవ్వును మైనంలో గట్టిపరిచి, పలచగా కోసి, రంగు వేసి, గాజుపలకల మీద పెట్టడం. ఆయన ముద్దు చేసిన ప్రతిదీ చివరికి నా చేతికే వస్తుంది. అందుకే నన్ను చూస్తే ఆయనకు ఒళ్లు మంట.

ఆ ఏడాది పరిశోధన నడిపే మా మేడమ్ సగం ఎలుకలకు పందికొవ్వు కలిపిన మేత బిళ్లలు, మిగతా సగానికి చేపనూనె కలిపినవి పెట్టించింది. కొవ్వు పాళ్లు ఒకటే, రకమే వేరు. పందికొవ్వు తిన్నవాటిలో కొవ్వు కణాలు ఉబ్బి చచ్చిపోతుంటాయి. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలు వాటి చుట్టూ చేరి రచ్చ చేస్తాయి. ఆ రచ్చ అక్కడితో ఆగదు, ఒళ్లంతా పాకుతుంది. చేపనూనెతో ఆ గుంపు తగ్గుతుందా అన్నదే మా ప్రశ్న. తిండి తారుమారు చేసినవాళ్లకు ఈ గదిలో చోటు లేదని తలుపు మీదే రాసి ఉండేది.

అదే నెలలో బాబాయ్ కాలేయానికి కొవ్వు పట్టిందని డాక్టరు చెప్పాడు. పిన్ని ఇంట్లో వేపుళ్లు బంద్ చేసింది. ఆయన ఇంట్లో ఉడికినవి తిని, క్యాంటీన్‌కొచ్చి వేగినవి తినేవాడు.

"పిన్నితో చెప్పనా?" అన్నాను.

"చెప్పు. నీ పనిబల్ల మీద బజ్జీల ప్లేటు సంగతి నేను మేడమ్‌కి చెప్తా."

మహా ఘటికుడు. తనకు చేతకాని పథ్యాన్ని ఏడో నంబరు చేత చేయించాడని మాకు తర్వాత తెలిసింది. అది పందికొవ్వు వాటాలోది, అన్నింటికన్నా లావు. రోజూ పొద్దున్నే దాని పంజరంలోని బిళ్లలు తీసేసి, చేపనూనెవి వేసి, తూకం మాత్రం గ్రాముతో సహా సరిపెట్టేవాడు. మోసంలోనూ పనిమంతుడే.

పన్నెండు వారాలయ్యాయి. ఏడో నంబరుతో సహా ఎలుకలన్నీ నా చేతికొచ్చాయి. పందికొవ్వు తిన్న ఎలుకల పలకల మీద రక్షణ కణాలు బస్సు తలుపు దగ్గర జనంలా తోసుకుంటున్నాయి. ఏడో నంబరు పలక మాత్రం ప్రశాంతంగా ఉంది. మేడమ్ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తలేదు.

"ఇది పుట్టుకతోనే ఏదో ప్రత్యేకం. దీని తోబుట్టువుల్ని వెతికి, రాబోయే రెండేళ్లూ వాటి మీదే పనిచేద్దాం. సాయంత్రం నివేదికలో రాసి పంపేస్తా" అంది.

తలుపు దగ్గర పంజరాలు తుడుస్తున్న బాబాయ్ విన్నాడు. నోరు మూసుకుంటే ఆయన గది ఆయనకుండేది. గుడ్డ కింద పెట్టి లోపలికొచ్చాడు.

"అమ్మా, దానికి చేపనూనె బిళ్లలు నేనే వేశాను."

"ఎన్ని రోజులు?"

"మొదటి వారం నుంచీ. ఆదివారాలు కూడా వచ్చి వేశాను."

"ఎందుకు బాబాయ్?"

"నాకొచ్చిన జబ్బే దానికీ వస్తుందేమో అనిపించింది. నేనెలాగూ తిండి మానలేను, అదైనా బాగుపడుతుందని."

నాకు నవ్వొచ్చింది. మేడమ్ ముఖం చూసి మింగేశాను.

"ఇంకే ఎలుకకైనా వేశారా?"

"లేదమ్మా. మిగతావి నాతో అంత మాట్లాడవు."

మేడమ్ నివేదిక కాగితాన్ని పక్కకు జరిపింది. "మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు" అంది.

"అందుకే చెప్పానమ్మా. అదేం గొప్ప ఎలుక కాదు. తిండి మారింది, అంతే."

ఆమె నివేదికలోంచి ఏడో నంబరును కొట్టేసి, బాబాయ్‌ని సీసాలు కడిగే గదికి మార్చింది. వెళ్లేముందు మొదటిసారి నా బల్ల దగ్గరికొచ్చాడు. ఏడో నంబరు గాజుపలకను వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"శుభ్రంగా ఉందా?"

"ఎక్కడా గుంపు లేదు బాబాయ్."

"అయితే బాగుపడిందన్నమాట" అని, పలకను రెండు చేతులతో బల్ల మీద పెట్టి, సీసాల గదికి వెళ్లిపోయాడు.