గోడ నిలబెట్టే బురద

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు వానకు నల్లరేగడిలో దిగబడితే అందరం దిగి నెట్టాం. మళ్లీ ఎక్కాక, చేతులు కడుక్కోమని పక్కసీటాయనకు నా నీళ్ల సీసా అందించాను. ఆయన తీసుకోలేదు. వేళ్లకంటిన బురదను నలిపి చూస్తున్నాడు.

"అస్సాంలో పెట్రోలు కోసం తవ్వే నూనెబావుల కాడ నా పని ఇదేనప్పా. మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి బావిలోకి పంపుతాము. నీళ్లు తగిలితే గోడ ఉబ్బి ఇరిగే తావున డీజిల్‌లో కలుపుతాము. బావి నిండా ఆ బురదుంటే ఎంత లోతు పోయినా గోడ కూలదు."

"సెలవు మీద వచ్చారా?"

"మా తమ్ముడు సేన్లో బావి తవ్వుతాంటే గోడ ఇరిగి మీద పడింది. నేను వచ్చేలోపలే పూడ్చిపెట్టినారంట." ఆయన పిడికిలి బిగించాడు. "వాని మీద పడింది ఈ మన్నేనప్పా."

తన ఊరి దగ్గర దిగేటప్పుడు కూడా ఆయన ఆ పిడికిలి విప్పలేదు.